బల్ల, గద్దె, బ్యాంకు: ఒక మాట చేసిన ప్రయాణం

సూరత్ శాఖకు బదిలీపై వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. మా శాఖ రింగ్ రోడ్డుకు కాస్త ఎడంగా ఉంటుంది. రింగ్ రోడ్డు పొడవునా బట్టల మార్కెట్లు, వాటి వెనుక లింబాయత్ వైపు వెళితే మన తెలుగువాళ్ల ఇళ్లు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని మీద తరాల కిందట వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయంటే ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. నేను మచిలీపట్నం వాణ్ణి. తెలుగు వచ్చిన అధికారి వచ్చాడని తెలిసి కౌంటర్ దగ్గర నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

అలా ఒక మధ్యాహ్నం అరవైకి దగ్గరపడిన పెద్దాయన ఒకరు వచ్చారు. చేతిలో పాస్‌బుక్, ముఖంలో దిగులు.

"సారూ, మా ఖాతా బందైంది. ఏం జేయాల్నో సమజైతలేదు."

నేను నంబరు కొట్టి చూశాను. ఖాతా నిక్షేపంగా ఉంది. గ్యాస్ రాయితీ పడుతోంది, మూడు వందల చిల్లర నిల్వ ఉంది. "మీ ఖాతాకు ఏమీ కాలేదు పెద్దాయనా, నడుస్తూనే ఉంది. నిశ్చింతగా వెళ్లండి" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయి, వెనుక వరుస పొడవు చూసి, తల ఊపి వెళ్లిపోయారు. ఒక పని చక్కబెట్టానన్న తృప్తితో నేను తరువాతి టోకెన్ పిలిచాను.

సాయంత్రం టీ తాగుతూ ఈ మాట మా శాఖలోని స్థానిక సహోద్యోగితో అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. "సార్, ఇక్కడ 'ఖాతా' అంటే మగ్గాల షెడ్డు. లూమ్స్ నడిచే కార్ఖానా. ఆయన పని పోయిందని చెప్పడానికి వచ్చాడు."

గుజరాతీలో ఖాతా అంటే పద్దు, ఖాతా అంటే ప్రభుత్వ శాఖ, సూరత్ బస్తీలో ఖాతా అంటే పవర్‌లూమ్ షెడ్డు కూడా. ముప్పై ఏళ్లు చేసిన పని ఆగిపోయిన మనిషితో నేను "నడుస్తూనే ఉంది, నిశ్చింతగా వెళ్లండి" అన్నాను! ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మూడో రోజు ఆయనే మళ్లీ వచ్చారు. ఈసారి లోపల కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, మొత్తం విన్నాను. యజమాని పాత మగ్గాలు అమ్మేసి షెడ్డు మూసేశాడు. లెక్క చూసి లక్షా నలభై వేలు చేతికిచ్చాడు. ఆ డబ్బు ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. గల్లీలో చిట్టీ నడిపే ఒకాయన నెలకు ఇంత వస్తుందని ఆశపెట్టాడు. "మొన్ననే ఇయ్యాల్సింది సారూ. ఆయన పండుగకు ఊరు పోయిండు, ఆదివారం వస్తడు" అన్నారు. అంటే, నేను పొరపాటున వెనక్కి పంపిన మనిషి ఇంకా మునగలేదంటే అది ఆ చిట్టీ మనిషి ఊరెళ్లబట్టే.

బ్యాంకులో వేసుకోవచ్చు కదా అన్నాను. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. "చిట్టీ అంటె నాకెరుక. బ్యాంకు, బ్యాంకు అంటరు. ఆ మాటకు అర్థమేంది సారూ?"

పాతికేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. నేనూ అడుక్కోలేదు. తెలిసినంతలో ఆయనకు చెప్పిందీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

అది ఒక బల్ల

బ్యాంకు అంటే బల్ల. అంతే. ఇటాలియన్ భాషలో 'బాంకో', 'బాంకా' అంటే కూర్చునే బల్ల, లేదా సరుకు పెట్టుకునే బల్ల. మధ్యయుగాల ఇటలీలో ఫ్లోరెన్స్, జెనోవా, వెనిస్ వంటి నగరాలు దేనికదే ఒక రాజ్యం. ప్రతి నగరానికీ దాని నాణెం దానిదే. సంతకు వచ్చిన వ్యాపారి తన ఊరి నాణేలు ఇచ్చి ఈ ఊరి నాణేలు తీసుకోవాలి. అందుకని నాణేలు మార్చేవారు సంత వీధిలో బల్ల వేసుకుని కూర్చునేవారు. బల్ల మీద త్రాసు, నాణేల కుప్పలు, పక్కన లెక్కల పుస్తకం. రాను రాను నాణెం మార్చడంతో పాటు దాచిపెట్టడం, అప్పివ్వడం, ఒక ఊళ్లో తీసుకున్న సొమ్ము మరో ఊళ్లో చెల్లించడం కూడా అక్కడే మొదలయ్యాయి. "బల్ల దగ్గరికి వెళ్లొస్తా" అన్న మాటే క్రమంగా "బ్యాంకుకు వెళ్లొస్తా" అయింది.

విచిత్రమేమిటంటే ఈ మాట ఇటలీలో పుట్టలేదు. జర్మానిక్ తెగల భాషల్లో బల్లకు ఉన్న పేరు అది. వాళ్ల నుంచి ఇటాలియన్‌కు వచ్చింది. ఇటలీలో డబ్బు అర్థం తొడుక్కుని, ఫ్రెంచ్‌లో 'బాంక్' అయి, అక్కడి నుంచి 15వ శతాబ్దం చివరికి ఇంగ్లీషులో చేరింది. ఇంగ్లీషులో అప్పటికే అదే మూలం నుంచి నేరుగా వచ్చిన మాట ఒకటి ఉంది, అదే 'బెంచ్'. అంటే మన బడిలో పిల్లలు కూర్చునే బెంచీ, మనం పనిచేసే బ్యాంకు ఒక తల్లి పిల్లలే. ఒకరు ఇంటి దారిన వచ్చారు, ఒకరు ఇటలీ తిరిగి వచ్చారు.

ఈ చుట్టరికం ఐరోపా అంతటా కనబడుతుంది. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో 'బాంకో' అంటే ఇప్పటికీ కూర్చునే బల్ల, డబ్బు బ్యాంకు రెండూను. జర్మన్‌లో 'బాంక్' అన్న ఒకే మాటకు రెండు అర్థాలు. బహువచనం వచ్చేసరికి బల్లలైతే 'బెంకె', బ్యాంకులైతే 'బాంకెన్' అవుతాయి. డచ్‌లో 'బాంక్' అంటే ఇంట్లోని సోఫా కూడా. ఫిన్లాండ్ వారికి బ్యాంకు 'పంక్కి', బల్ల 'పెంక్కి'. రష్యన్, పోలిష్, హంగేరియన్ భాషల్లోనూ బ్యాంకును దాదాపు అదే మాటతో పిలుస్తారు. విందుకు వాడే 'బాంక్వెట్' కూడా ఈ ఇంటిదే. మొదట దాని అర్థం చిన్న బల్ల.

ఈ వరుసలో చేరనిది గ్రీకు. గ్రీసులో ఈనాటికీ బ్యాంకు బోర్డు మీద 'ట్రాపెజా' అని ఉంటుంది. ఆ మాటకు అర్థం నాలుగు కాళ్లది, అంటే మళ్లీ బల్లే! లెక్కల పుస్తకంలో మనం చదువుకున్న 'ట్రెపీజియం' కూడా అక్కడి నుంచే వచ్చింది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే ఏథెన్స్‌లో బల్ల వేసుకున్న బ్యాంకర్లు ఉన్నారు. వారిలో పేరుపడ్డ పాసియోన్ మొదట ఒక బ్యాంకరు ఇంట్లో బానిస. నమ్మకంగా పనిచేసి విడుదల పొంది, ఆ వ్యాపారానికే యజమాని అయి, చివరికి ఏథెన్స్ పౌరసత్వం సంపాదించాడు. ఇంగ్లీషుకూ గ్రీకుకూ మాట వేరైనా తలపు ఒకటే. నలుగురికీ కనబడేలా బల్ల వేసుకుని కూర్చున్నవాడి దగ్గరే డబ్బు పెట్టాలి.

బల్ల విరిగితే?

ఇంతవరకూ విని పెద్దాయన నవ్వారు. "మా చిట్టీ ఆయన గూడ బల్ల మీదనే కూసునేటోడు సారూ" అన్నారు. ఆరేళ్ల కిందట ఇంకో చిట్టీ ఉండేదట. నడిపే మనిషి ప్రతి ఆదివారం టీ హోటల్ ముందున్న బల్ల మీద కూర్చుని డబ్బులు తీసుకునేవాడు. ఒక ఆదివారం వెళితే, "బల్ల ఉన్నది, మనిషి లేడు." అరవై వేలు పోయాయి. భార్య పుస్తె తాడు కుదువలోంచి విడిపించడానికి రెండేళ్లు పట్టింది. అయినా మళ్లీ చిట్టీ వైపే ఎందుకు చూస్తున్నారని అడిగితే, "ఆయన మనోడు, మన మాట మాట్లాడుతడు" అన్నారు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. మొన్న ఆయన మాట నాకు అర్థం కాలేదు కదా!

ఇటలీలో బల్ల విరగడానికి కూడా ఒక మాట ఉంది: 'బాంకా రొత్తా', విరిగిన బల్ల. ఫ్రెంచ్ 'బాంక్‌రూత్', స్పానిష్ 'బాంకరోతా', జర్మన్ 'బాంక్రోట్', ఇంగ్లీషు 'బ్యాంక్‌రప్ట్' అన్నీ దాని రూపాలే. చెల్లించలేకపోయిన వ్యాపారి బల్లను సంతలో అందరి ముందూ విరగ్గొట్టేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, మాట మాత్రం నిజం: బల్ల పగిలితే నమ్మకం పగిలినట్టే.

మన వైపు మాట 'దివాలా'. గుజరాతీలో 'దేవాళు'. దీనికీ పెద్దలు ఒక కథ చెబుతారు. అప్పులు తీర్చలేని వ్యాపారి పట్టపగలు తన అంగట్లో దివ్వె వెలిగించి పెట్టేవాడట. పగలు దీపం కనబడితే ఊరికి సంగతి తెలిసిపోయేది. తెలుగులో ఇంకో రెండు వాడుకలు ఉన్నాయి. ఒకటి 'ఐపీ పెట్టాడు'. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌లోని మొదటి రెండక్షరాలు పల్లెటూళ్లకు కూడా వెళ్లిపోయాయి. రెండోది పత్రికల్లో తరచూ చూసే 'బోర్డు తిప్పేశాడు'. ఇంగ్లీషులో 'బోర్డు' అంటే మొదట చెక్క పలక, దానితో చేసిన బల్ల. డైరెక్టర్ల బోర్డు అంటే ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే. అక్కడ బల్ల విరిచారు, ఇక్కడ బోర్డు తిప్పారు. మునిగింది మాత్రం ఎప్పుడూ నమ్మి డబ్బు పెట్టినవాడే.

సూరత్‌లో బల్ల లేదు, గాదీ ఉంది

ఐరోపావారు బల్ల మీద కూర్చుని చేసిన పని సూరత్‌లో పరుపు మీద కూర్చుని చేశారు. ఇప్పటికీ ఇక్కడి బట్టల మార్కెట్‌లో పాతకాలపు దుకాణానికి వెళితే తెల్లటి దుప్పటి పరిచిన పరుపు, ఆనుకోవడానికి బాలీసు కనబడతాయి. దాన్ని 'గాదీ' అంటారు. గాదీ మీద కూర్చున్నవాడే యజమాని. హిందీలో 'గద్దీ' అంటే సింహాసనం కూడా. మన తెలుగులో గద్దె ఉంది. గద్దెనెక్కడం అంటే అధికారంలోకి రావడం. మేడారంలో సమ్మక్క, సారలమ్మలు కొలువుతీరేది గద్దెల మీదే. ఈ మాట అనగానే పెద్దాయన చేతులు జోడించారు. కూర్చునే చోటే గౌరవానికీ అధికారానికీ పేరు కావడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. కూర్చునే పీఠం మన దగ్గర విద్యాపీఠం అయింది. కోర్టులో న్యాయమూర్తుల 'బెంచ్' మన పత్రికల్లో ధర్మాసనం అయింది.

పదిహేడో శతాబ్దంలో సూరత్ మొగల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, మా మచిలీపట్నంలో పెట్టింది. డచ్చివారు ఇంకా ముందు, 1605లోనే బందరు వచ్చారు. రెండు రేవులకూ వాళ్లు వచ్చింది ముఖ్యంగా నేతగాళ్ల చేతుల్లోంచి వచ్చే బట్ట కోసమే. ఆ మాట చెప్పినప్పుడు పెద్దాయన ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు చూశాను.

ఓడల్లో వచ్చిన స్పానిష్ రియాళ్లు, పారశీక నాణేలు, గుజరాత్ మహమూదీలు, సూరత్ టంకశాలలో ముద్రించిన మొగల్ రూపాయలు, అన్నీ కలిసి తిరిగే చోట నాణెం పరీక్షించేవాడు లేకపోతే పూట గడవదు. ఆ పని చేసినవారు సరాఫులు. 'సర్రాఫ్' అరబ్బీ మాట. ఇంగ్లీషువారి నోట 'ష్రాఫ్' అయింది, తెలుగులో 'షరాబు' అయింది. వట్టం తీసుకుని నాణెం మార్చడం, డబ్బు దాచడం, అప్పివ్వడం ఇటలీ బల్ల మీద జరిగిన పనులే. సూరత్ వర్తకుడు వీర్జీ వోరా ఈస్టిండియా కంపెనీకే అప్పులిచ్చినవాడు. 1664లో శివాజీ సూరత్ మీద దాడి చేసినప్పుడు దోపిడీకి గురైన ఇళ్లలో ఆయనదీ ఒకటి.

ఈ సరాఫుల చేతిలోని గొప్ప సాధనం హుండీ. ఆగ్రాలో డబ్బు కట్టి, కాగితం తీసుకుని, సూరత్‌లో డబ్బు పుచ్చుకోవచ్చు. దారిలో దొంగల భయం లేదు. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తరువాత చెల్లించేది ముద్దతీ హుండీ. మన బ్యాంకింగ్ పరీక్షల్లో చదివిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దేశీయ భాషల్లోని ఇలాంటి పత్రాల స్థానిక ఆచారాలను మొదటి సెక్షన్‌లోనే మినహాయించి గౌరవించింది. కానీ తెలుగువాడికి హుండీ అనగానే గుర్తొచ్చేది తిరుమల! ఇక్కడ తిరిగి వచ్చే డబ్బు, అక్కడ తిరిగి అడగని డబ్బు. మాట ఒకటే, నమ్మకం రెండు రకాలు.

మాట మన దేశానికి వచ్చింది

జెనోవాలో సెయింట్ జార్జ్ పేరిట పెట్టిన బ్యాంకు 15వ శతాబ్దం మొదట్లోది. సియెనాలో 1472లో పుట్టిన బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. రకరకాల నాణేల గందరగోళం తీర్చడానికే 1609లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం తన మారకపు బ్యాంకును పెట్టింది. స్వీడన్ 1668లో, ఇంగ్లండ్ 1694లో వరుసలో చేరాయి. 1770లో కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ హిందుస్థాన్‌తో ఆ మాట మన దేశపు బోర్డు మీదకు ఎక్కింది. 1806లో బ్యాంక్ ఆఫ్ కలకత్తా, 1840లో బొంబాయి, 1843లో మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు వచ్చాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఒకప్పుడు ఐరోపా కంపెనీలు బట్ట కోసం దిగిన రేవులోనే, మూడు వందల ఏళ్ల తరువాత తెలుగువారు తమ బల్ల తాము వేసుకున్నారు. మాట చివర ఒక 'ఉ' తగిలించి బ్యాంకును మన మాటే చేసుకున్నాం.

పెద్దాయన అసలు ప్రశ్న

ఇదంతా విని ఆయన సూటిగా అడిగారు. "మీ బల్ల విరిగితే నా పైసలెట్ల?"

ఆ ప్రశ్నకు కథలు చాలవు, లెక్క చెప్పాలి. 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు, లక్ష్మీ బ్యాంకు మునిగాక దేశం ఈ ప్రశ్నను గట్టిగా తీసుకుంది. 1962 జనవరి 1 నుంచి డిపాజిట్ బీమా మొదలైంది. అప్పుడు ఒక్కొక్కరికి 1,500 రూపాయల వరకే. 1993లో లక్ష అయింది. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. అసలు, వడ్డీ కలిపి, ఒక బ్యాంకులోని అన్ని శాఖల్లో ఒక వ్యక్తి డిపాజిట్లకు అది పరిమితి. ప్రీమియం బ్యాంకే కడుతుంది, ఖాతాదారు పైసా ఇవ్వక్కరలేదు. బ్యాంకు లావాదేవీలపై ఆంక్షలు పెట్టిన పరిస్థితిలో 90 రోజుల్లోపు బీమా సొమ్ము అందాలని 2021 సవరణ చెబుతోంది. చిట్టీలన్నీ మోసమని నేను అనలేదు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలు వేరు. గల్లీ బల్ల మీద, రసీదు లేకుండా నడిచేవి వేరు. "ఆ మనిషిని రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి" అన్నాను.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. సోమవారం భార్యతో వచ్చారు. చిట్టీ మనిషిని కాగితం అడిగితే కోప్పడ్డాడట. "కాయితం అడిగితె కోపమెందుకు సారూ?" అన్నదామె. లక్ష రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు, నామినీగా ఆమె పేరు రాశారు. నలభై వేలు సేవింగ్స్‌లో ఉంచారు. నెల తిరక్కుండానే ఆయనకు మరో ఖాతాలో పని దొరికింది. ఏ ఖాతానో మీకు వేరే చెప్పక్కరలేదు!

వెళుతూ వెళుతూ మా కౌంటర్ మీద అరచేత్తో తట్టి చూశారు. గ్రానైట్ పలక. "ఇది జల్ది ఇరిగేది కాదు" అని భార్యతో అన్నారు. ఇద్దరూ నవ్వారు.

మిత్రులారా, మనం రోజూ వాడే ఖాతా, హుండీ, దివాలా, బ్యాంకు, బోర్డు వంటి మాటలు ఒక్కొక్కటీ ఎన్నో ఊళ్లు తిరిగి మన కౌంటర్ దగ్గరికి వచ్చాయి. అవతలివారి నోట అవి వేరే అర్థంతో ఉండవచ్చు. ఆ రోజు తరువాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరైనా "ఖాతా బందైంది" అంటే కంప్యూటర్ చూసే ముందు, "ఏ ఖాతా?" అని అడుగుతున్నాను. ఇతర రాష్ట్రాల్లో పనిచేస్తున్న తెలుగు మిత్రులు మీ శాఖల్లో వినిపించే ఇలాంటి మాటలను రాసి ఈ పత్రికకు పంపితే, బదిలీపై కొత్తగా వెళ్లే మనవాళ్లకు ఎంతో ఉపయోగం.